కొంగను భోజనానికి పిలిచిన పాపానికి

జూన్ 9, సోమవారం
చేపలు 83. కప్పలు 61. వాన లేదు.

కుంట ఉన్న ప్రతి ఇంటివారూ చిట్టా రాయాలని కుంటల ఆఫీసువారి ఆజ్ఞ. రాస్తున్నాను. నా పేరు యాళ్ళ సత్యవేణి. వయసు అరవై ఒకటి. మెరకపాలెం, మూడో వరస, ఏడో ఇల్లు. ముప్పై రెండేళ్ళు గాలిబస్సులో కండక్టరుగా చేసి కిందటేడు దిగాను. ముప్పై రెండేళ్ళూ కాళ్ళ కింద మబ్బులే. చివరి పదేళ్ళూ "నా కాళ్ళు తడిసే చోటు ఒకటి చూడండి బాబూ" అని మా ఆయన త్రిమూర్తుల్ని పీక్కు తిని ఈ ఇల్లు కొనిపించాను. తాగే నీళ్ళూ, స్నానం నీళ్ళూ, పప్పు ఉడికే నీళ్ళూ అన్నీ పెరట్లో ఉన్న ఈ కుంటవే.

జూలై 21న తనిఖీ. ఆ రోజు కుంటలో అరవై చేపలు, నలభై కప్పలు తేలాలి. ఒక్కటి తగ్గినా కుంటకు మూత వేసి మమ్మల్ని గొట్టం నీళ్ళ మేడలో ఇరవై మూడో అంతస్తుకు పంపుతారు. మళ్ళీ గాల్లోకి నేను వెళ్ళను. వెళ్ళను గాక వెళ్ళను. ఆఫీసువారు ఈ మాట కింద గీత గీసుకోవాలి.

ఇవాళ మెకానిక్కు వచ్చి కుంట గట్టు మీద స్తంభం పాతి, దానికి పలుకుపెట్టె బిగించాడు. కుంట దగ్గర ఏ జీవి ఏమన్నా మనకు తెలుగులో వినబడుతుందట. మనం అన్నది వాటికి వాటి భాషలో వినబడుతుందట. రోజూ పొద్దున్నే చేపల లెక్కా కప్పల లెక్కా కూడా అదే చెబుతుందట. "వద్దు నాయనా, మా ఆయన ఒక్కరితోనే మాట్లాడలేక చస్తున్నాను" అన్నాను. "అన్ని ఇళ్ళకీ పెట్టాలండి, రూలండి" అని మీట నొక్కి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాడో లేదో, ఇటు గోడ మీద ఒక బూడిదరంగు కొంగ వాలింది. పెద్దవాళ్ళు నారాయణపక్షి అంటారే, అది. నా భుజం దాకా ఉంది. మెడ వంచి, చాలా మర్యాదగా, "ఏవండీ, ఇటు దిగొచ్చాండి?" అంది.

నేను కుంటలో గుర్రపుడెక్క పీకుతున్నాను. చేతినిండా బురద. తల కూడా ఎత్తకుండా నోటికొచ్చిన మాట అనేశాను. "అయ్యో, అదేం మాటండీ! ఇది మీ ఇల్లే అనుకోండి. కాళ్ళు కడుక్కోండి, భోంచేసి వెళ్దురుగాని."

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. "ఆహ్వానం నమోదైంది" అంది లోపలినుంచి ఒక ఆడగొంతు.

కొంగ దిగింది. కాళ్ళు కడుక్కుంది. భోంచేసింది. రెండు చేపలు.

జూన్ 12, గురువారం
చేపలు 77. కప్పలు 58. చినుకులు.

కుంటల రూల్సు పుస్తకం ఇవాళ తీసి చదివాను. ముందే చదవాల్సింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా? పదిహేడో పేజీలో ఉంది: పిలవని జీవిని అదిలించవచ్చు, పిలిచిన జీవిని అదిలించరాదు, అదిలిస్తే కుంటకు మూత.

మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"కొంగని భోజనానికి పిలిచావా?"

"మాటవరసకి అన్నానండీ. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని రావద్దంటామా?"

"మనుషుల్ని అంటారే అలాగ! నీ నోటికి తాళం వెయ్యాలే సత్యా. మెరకపాలెం మొత్తమ్మీద కొంగకి విస్తరేసినదానివి నువ్వొక్కదానివే."

ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు నారాయణ గారు. గట్టు మీద మా ఆయన వాలుకుర్చీ పక్కనే మకాం. పొద్దున్నే నేను తవుడు చల్లే వేళకు ఎదురు వచ్చి "నిద్ర పట్టిందాండి?" అని అడుగుతాడు. నిద్రెక్కడిది? నువ్వు పట్టనిస్తేగా.

చేపలు మాత్రం ఒక్క ముక్క మాట్లాడవు. పెట్టె వాటికి పనిచేయడం లేదేమో అనుకుంటాను. తవుడు చల్లుతూ నేనే మాట్లాడతాను. "నల్లగా నిగనిగలాడే మొహమూ నువ్వూ, నిన్న తిన్నది అరిగిందా? ఆ పిల్లని తోస్తావేం? వెనక ఖాళీ ఉంది, జరుగు, జరుగు!" ఉద్యోగం పోయినా నోరు పోలేదు.

జూన్ 16, సోమవారం
చేపలు 73. కప్పలు 55.

చుట్టానికి 'ఇక బయల్దేరండి' అని మన వైపు ఎవరూ అనరు. దానికి వేరే మార్గాలున్నాయి. అవన్నీ ఇవాళ వాడాను.

ముందు ఆవలించాను. నారాయణ గారు "పడుకోండి, నేను చూసుకుంటానండి" అన్నాడు. చీపురు తెచ్చి అతని కాళ్ళ చుట్టూ ఊడ్చాను. ఒక కాలు ఎత్తాడు. మళ్ళీ ఊడ్చాను. ఆ కాలు దించి ఇంకోటి ఎత్తాడు. "మీ వాళ్ళు కంగారు పడుతుంటారేమోనండీ" అన్నాను. "ఆయ్, నిజమేనండి. కబురెడతానండి" అన్నాడు. "నాలుగింటికి గాలిబస్సు ఉన్నట్టుంది మీకు?" అన్నాను చివరికి.

"మాకు బస్సెందుకండి?" అని రెక్కలు విప్పి చూపించాడు. ఆ గాలికి ఆరేసిన మా ఆయన లుంగీ వెళ్ళి కుంటలో పడింది.

దొంగతనం చేసేవాణ్ణి తిట్టవచ్చు. ఇంత మర్యాదగా మన కొంప ముంచేవాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు.

జూన్ 21, శనివారం
చేపలు 66. కప్పలు 50. ఓ మోస్తరు వాన.

కబురు పెట్టాడు.

నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి గోడ మీద ఆరు కొంగలు, రెండు నీటికాకులు వరసగా ఉన్నాయి. మా ఆయన వాలుకుర్చీలో కూర్చుని వాటితో లోకాభిరామాయణం మొదలెట్టారు. పచ్చదీపం వెలుగుతోంది. సంచీ గట్టు మీద పడేశాను.

"ఏమన్నారు మీరు వాళ్ళతో?"

"ఏమన్లేదే."

"ఏమనకుండా దీపం వెలుగుతుందా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "'మేం కూడా వచ్చామండి, ఇబ్బందేం లేదు కదాండి' అన్నారు. 'దానిదేముందండీ, పదిమందిలో పదకొండు' అన్నాను. వాళ్ళలో పెద్దాయన ముఖం చూసి అనకుండా ఎలా ఉంటాం?"

"నా నోటికి తాళం వేస్తానన్నారుగా! తాళం చెవి మీ నోట్లో పెట్టుకున్నారా?"

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

రాత్రికి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. ఇకనుంచి పెరట్లో ఎవ్వరితోనూ మాట్లాడకూడదు. సైగలే.

జూన్ 23, సోమవారం
చేపలు 63. కప్పలు 48.

సైగలు ఫలించలేదు. మా ఆయన ఈగను తోలుకోవడానికి చెయ్యి ఊపారు. మూడో నీటికాకి దాన్ని రమ్మనడం అనుకుని దిగింది. పెట్టె కూడా అలాగే అనుకుంది.

దిష్టిబొమ్మ పెట్టాం. మా ఆయన పాత చొక్కా తొడిగి, కుండకు కళ్ళు గీసి నిలబెట్టాం. బొమ్మను నిలబెడితే అదిలించినట్టు కాదని పుస్తకంలో ఉంది. మధ్యాహ్నం నారాయణ గారు నా దగ్గరకు వచ్చి చాలా నొచ్చుకున్నాడు. "ఆ కొత్తగా వచ్చినాయన మూడుసార్లు పలకరించినా పలకలేదండి. మావల్ల ఏమన్నా తప్పు జరిగిందాండి?" అన్నాడు. ఆ ముఖం చూడలేక బొమ్మను తీసేశాను. కొంగకు నేను సంజాయిషీ చెప్పుకున్నానంటే నా బతుకు ఎక్కడికి వచ్చిందో ఆఫీసువారే చూడాలి.

జూన్ 26, గురువారం
చేపలు 58. కప్పలు 44.

అరవై దాటి కిందికి వచ్చేశాం. నాకు అన్నం సయించడం లేదు.

ఆఫీసుకు వెళ్ళాను. కుంటల ఇన్‌స్పెక్టరు నళినీకుమారి గారు మొదటి వరసలో ఉంటారు. ఆవిడది ఆదర్శ కుంట. చుట్టూ నున్నటి పలకలు, నీళ్ళలో దీపాలు, గట్టు మీద ఎండుటాకు ఉండదు. చేతులు జోడించి నా గోడు చెప్పుకున్నాను.

"మాటవరసకి అన్నానండి. మీకూ తెలుసు కదండీ, మనందరం అంటాం."

"మాటవరసకి అన్నదని కొంగకెలా తెలుస్తుందండి?" అన్నారావిడ. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "పెట్టెలో నమోదైంది. ఇరవై ఒకటో తారీఖున వస్తాను. అరవైకి ఒక్కటి తగ్గినా మూత వెయ్యాల్సిందే. మీకు ఇరవై మూడో అంతస్తులో గాలి బాగా వస్తుందండి."

గాలి బాగా వస్తుందట! గాలి సంగతి నాకు చెబుతోంది ఈవిడ. ఇంటికి వచ్చి కుంటలో మోకాళ్ళ దాకా కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చేపలు వచ్చి మడమల దగ్గర చేరాయి. "మీరన్నా ఏదన్నా అఘోరించండే" అని వాటినీ నాలుగు తిట్టాను. అవేం అనలేదు.

జూలై 1, మంగళవారం
చేపలు 50. కప్పలు 42. జోరున వాన.

పొద్దున్నే పెరటి తలుపు తీసేసరికి గుమ్మం ముందు నలభై రెండు కప్పలు. మెట్లనిండా, చెప్పులనిండా. వాటి పెద్ద ఒక లావుపాటి బోండాం కప్ప. మా ఆయన ఎడమ చెప్పు ఎక్కి కూర్చుంది.

"సత్తేణి గోరూ! తవఁరితో మాటాడాలండి."

"చెప్పండి" అన్నాను. పిలుపు కాదు కదా అని పెట్టె వైపు చూసుకున్నాను. పచ్చదీపం వెలగలేదు.

"సుట్టాలు తవఁరికొచ్చేరండి. మరియాదలు తవఁరు సేత్తన్నారండి. బానే ఉందండి. మరి ఇస్తట్లోకి మమ్మల్నెందుకండి ఒడ్డిత్తన్నారు?"

మా ఆయన వెనక నుంచి "అవును కదే" అన్నారు. ఈయన ఎవరి తరఫున ఉంటారో పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళుగా తెలియదు.

"పై మంగళారం దాకా సూత్తామండి," అంది బోండాం కప్ప. "ఈలోగా తవఁరేదోటి తేల్చాలండి. లేపోతే పిల్లాజెల్లాతో నాలుగో వరసకి ఎల్లిపోతామండి. అక్కడ కుంట ఇరుకేనండి, కానీ కొంగల్లేవండి."

కప్పలు నలభై కన్నా తగ్గితే, చేపలతో పని లేకుండానే మూత పడుతుంది. నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. కప్పలు ఒకటొకటిగా గెంతుకుంటూ వెళ్ళిపోయాయి. చివరిది చెప్పులోంచి దిగలేకపోతే మా ఆయన సాయం చేశారు.

జూలై 4, శుక్రవారం
చేపలు 44. కప్పలు 42.

ఇవాళ నాకు ఒళ్ళు మండింది.

తవుడు పట్టుకుని వెళ్ళేసరికి నారాయణ గారు తల నుంచి మెడ దాకా నీళ్ళలో పెట్టి చేపలు ఏరుకుంటున్నాడు. తీరిగ్గా, బేరం ఆడేవాడు వంకాయలు ఏరినట్టు. చిన్న చేపను వదిలి పెద్దదాన్ని పట్టాడు. ముప్పై రెండేళ్ళ కండక్టరు గొంతు ఒక్కసారిగా లేచింది.

"ఆగండి! అదిలించడం లేదు నేను. వెళ్ళమనడం లేదు. కూర్చోబెట్టి రెండు ముక్కలు అడుగుతున్నాను. చుట్టం ఇంటికెళ్తే మీ వైపు ఎవరన్నా వంటింట్లోకి దూరి గిన్నెలో చెయ్యి పెడతారా? వడ్డించింది తింటారా, మీరే తోడుకుంటారా?"

కొంగ ముక్కులోంచి చేప జారి నీళ్ళలో పడింది.

"ఇంకోటి. నెల రోజులైంది వచ్చి. మీవాళ్ళు తొమ్మిదిమంది వచ్చారు. ఎవరన్నా చుట్టాలింటికి వట్టి చేతులతో వస్తారా? అరటిపళ్ళో, బిస్కట్లో, ఏదోటి పట్టుకురారా? ఇదేనా పద్ధతి?"

గోడ మీది నీటికాకులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. నారాయణ గారి మెడ మెల్లగా వంగి వంగి ఎస్సు అక్షరంలా అయింది.

"మాకు ఎవరూ చెప్పలేదండి," అన్నాడు చిన్నగొంతుతో. "మీరు 'మీ ఇల్లే అనుకోండి' అంటే, మా ఇంట్లో ఎలా ఉంటామో అలాగే ఉన్నామండి. పద్ధతి తెలీదండి. చాలా తప్పయిపోయిందండి."

నాకు పాపం అనిపించింది. అదీ నా రోగం. అరటాకు కోసుకొచ్చి గట్టు మీద వేసి, ఇంట్లో ఉన్న చిన్న ఎండుచేపలు, మెత్తళ్ళు, వడ్డించాను. పదిమందీ వరసగా కూర్చున్నారు. ఒక్కరు నీళ్ళలో ముక్కు పెట్టలేదు. నారాయణ గారు "చాలండి" అన్నాడు. "ఇంకొక్కటి వేసుకోండి, నా మాట మీద" అన్నాను. ఇంకో నాలుగు వేశాను.

మా ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. "మెత్తళ్ళు మనకుంచావా?" అన్నారు.

జూలై 8, మంగళవారం
చేపలు 51. కప్పలు 42.

పెట్టె తప్పు చెప్పిందేమో అనుకున్నాను. మళ్ళీ అడిగాను. యాభై ఒకటే అంది. నాలుగు రోజుల్లో ఏడు పెరగడమేమిటి? పిల్లలు పెట్టాయనుకోవడానికి అన్నీ జానెడు చేపలు.

సాయంత్రం తెలిసింది. నారాయణ గారు ఎగురుకుంటూ వచ్చాడు. ముక్కులో చేప, బతికి ఉన్నది. గాటు కూడా పడకుండా పట్టుకుని, నా ముందు మెడ వంచి, నీళ్ళలోకి వదిలాడు.

"వట్టి చేతులతో రాకూడదన్నారు కదాండి," అన్నాడు సంతోషంగా.

వెనకే తక్కిన తొమ్మిదిమంది. తొమ్మిది చేపలు. పద్ధతి నేర్చుకున్నాక దాన్ని తు.చ. తప్పకుండా పాటించే చుట్టాలను నేను ఇప్పుడే చూస్తున్నాను. కప్పల పెద్దకు కూడా నచ్చింది, గడువు ఎత్తేసింది. గట్టెక్కించావు తండ్రీ అనుకుని అందరికీ రొయ్యపొట్టు వడ్డించాను. చేపలు ఎక్కడివని అడగలేదు. కాలవలోవి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

జూలై 14, సోమవారం
చేపలు 79. కప్పలు 43.

కాలవలోవి కావు.

కొత్తవాటికి తవుడు చల్లుతూ "ఏ ఊరమ్మా మీది, ఈ మచ్చేమిటి, తిండి పెట్టలేదా మీ వాళ్ళు" అని నా ధోరణిలో నేను వాగుతున్నాను. ఒక ఎర్రచేప, ముక్కు మీద తెల్లమచ్చది, మంచి ఠీవిగా తిరుగుతోంది. దీన్ని ఎక్కడ పట్టారండీ అని నారాయణ గార్ని మామూలుగా అడిగాను.

"మొదటి వరసండి. చుట్టూ పలకలున్న ఇల్లండి. నీళ్ళల్లో దీపాలు కూడా ఉంటాయండి. మంచి రకం కదాండి, మీకోసమని ప్రత్యేకం."

ఇన్‌స్పెక్టరు గారి కుంట! తక్కినవి కూడా వరసగా చెప్పుకొచ్చాడు. రెండో వరస మూడో ఇంటివి ఆరు. ఐదో వరస చివరింటివి నాలుగు. ఒక్కటీ దాచలేదు. దాచడం తెలియదు వాటికి.

ముప్పై రెండేళ్ళలో టికెట్టు లేకుండా ఒక్కణ్ణి ఎక్కించుకోలేదు నేను. మంత్రిగారి బావమరిదిని కూడా మబ్బుల మధ్య స్టాపులో దింపేశాను. ఇప్పుడు నా కుంట నిండా టికెట్టు లేనివాళ్ళే. ఇకమీదట తేవొద్దని చెబుదామని నోరు తెరిచాను. నా సొంతం నలభై నాలుగే అని గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి.

జూలై 20, ఆదివారం
చేపలు 97. కప్పలు 43.

రేపు తనిఖీ.

వీధిలోకి వెళితే తేలు కుట్టిన దొంగలా ఉంటోంది నా పని. రెండో వరస ఆవిడ "మా చేపలు పోతున్నాయి వదినా, మీవి బానే ఉన్నాయా?" అంది. "ఏదోలెండి" అని వచ్చేశాను. ఆవిడదీ రేపే తనిఖీ. ఆవిడకు పిల్లలు ముగ్గురు.

మా ఆయనతో చెప్పాను. ఆయన ఈసారి పేపరు అడ్డం పెట్టుకోలేదు. "నువ్వేమంటే అదేనే సత్యా," అన్నారు. "ఇరవై మూడో అంతస్తైతే ఇరవై మూడో అంతస్తు. బక్కెట్లో నీళ్ళు పోస్తాను, కాళ్ళు పెట్టుకుందువుగాని."

ఈ మనిషిని రోజూ ఎందుకు తిడతానో నాకే తెలియదు.

పద్నాలుగో తారీఖు పేజీ చించేద్దామని చూశాను. పేజీలకు నంబర్లున్నాయి. మూడుసార్లు అంచు పట్టుకుని వదిలేశాను. ఉండనివ్వండి.

జూలై 21, సోమవారం
లెక్క కింద రాస్తున్నాను.

నళినీకుమారి గారు పదింటికి వచ్చారు. వెనక ఇద్దరు మనుషులు మూత మోసుకొచ్చారు. గట్టు కొలిచారు, నీళ్ళు రుచి చూశారు. పెట్టె "చేపలు తొంభై ఏడు, కప్పలు నలభై మూడు" అంది. ఆవిడ కనుబొమలు ఎగరేసి, "బావుందండి, మంచి పెంపకం" అని కాగితం మీద సంతకానికి కలం తీశారు.

నేను ఊరుకుంటే అయిపోయేది.

"అందులో మావి నలభై నాలుగే అమ్మా," అన్నాను. "తక్కినవి మా చుట్టాలు ఊళ్ళో వాళ్ళ కుంటల్లోంచి తెచ్చారు. వాళ్ళ తప్పు కాదు. వట్టి చేతులతో రావద్దని నేనే అన్నాను. చిట్టాలో అంతా రాశాను, చదువుకోండి."

"ఒకటి తవఁరిదేనండి," అన్నాడు నారాయణ గారు ఆవిడతో వినయంగా. "మచ్చ ఉన్నదండి."

ఆవిడ నీళ్ళలోకి వంగారు. "బంగారం!" అని అరిచారు. అంత గట్టి మనిషి గొంతు అలా పోతుందని అనుకోలేదు. "బంగారం, నువ్వు ఇక్కడున్నావా! పన్నెండు రోజుల్నుంచి వెతుకుతున్నానే!" తర్వాత లేచి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ ఇన్‌స్పెక్టరు అయిపోయారు. "నలభై నాలుగు. చాలవండి. మూత తీసుకురండయ్యా."

"అలాగేనండి," అన్నాను. చెప్పులు విడిచి ఆఖరిసారి నీళ్ళలోకి దిగాను.

"ముందు తెచ్చినవాటిని ఎవరి కుంటకు వాళ్ళకి పంపాలి," అన్నారావిడ. "ముప్పై ఒకటో పేజీ రూలు ప్రకారం చేపని అడిగి పంపాలి. ఏ కుంటలో ఉంటానంటే ఆ కుంటదే. చెప్పు బంగారం, మన ఇంటికెళ్దామా?"

ఇన్నాళ్ళూ ఒక్క ముక్క మాట్లాడని చేప. పెట్టెలోంచి సన్నటి గొంతు వచ్చింది.

"రానండి."

ఆవిడ మళ్ళీ అడిగారు. "ఎందుకే? పలకలున్నాయి, దీపాలున్నాయి. ఇక్కడేముంది, బురద!"

"అక్కడ మాతో ఎవరూ మాట్లాడరండి. కిందటేడు తనిఖీ నాడు తవఁరు నన్ను లెక్కెట్టారండి. ఆ తర్వాత ఇదేనండి పిలవడం. ఈవిడ పొద్దున్నే మొదలెడుతుందండి. నా మచ్చని తిడుతుందండి. నిన్న తిన్నది అరిగిందా అని అడుగుతుందండి. పక్కదాన్ని తోస్తే కేకలేస్తుందండి. పొద్దు ఎలా పోతుందో తెలీదండి."

"మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటన్నా అనలేదేమే?" అన్నాను నీళ్ళలో నిలబడి.

"తవఁరు సందిస్తే కదండీ," అంది చేప.

మా ఆయన గట్టు మీద కూలబడి నవ్వడం మొదలెట్టారు. ఆయన్ని తర్వాత చూసుకుంటాను.

యాభై మూడింటినీ వరసగా అడిగారు. నాలుగు మాత్రం వెళ్తామన్నాయి, రెండో వరసలో పిల్లలున్నాయట. తక్కినవన్నీ ఉంటామన్నాయి. వాళ్ళ కుంటల లెక్క చాలుతుందో లేదో అని నేనే ఆపి అడిగాను. ఆవిడ కాగితాలు తిరగేసి, ఆ నాలుగూ వెళితే రెండో వరసావిడకు సరిగ్గా అరవై అనీ, మిగిలిన ఇళ్ళకు లోటు లేదనీ చెప్పారు. నా ఛాతీ మీంచి బండ దించినట్టయింది. తొంభై మూడు. రాసుకున్నాను. ఆవిడా రాసుకున్నారు. మూత మోసుకొచ్చిన ఇద్దరూ మళ్ళీ మోసుకుపోయారు.

నారాయణ గారికి ఇంకో పద్ధతి కూడా చెప్పాను, ఇరుగుపొరుగు సొత్తు చుట్టాలింటికి తేకూడదని. ఇకనుంచి కాలవలోంచి నత్తలు తెస్తాడట.

ఆవిడ సంతకం పెట్టి కూడా కదల్లేదు. బంగారం వైపు చూస్తూ గట్టు మీదే నిలబడిపోయారు. పన్నెండయింది. ఎండ. మనిషి ముఖం చిన్నబోయి ఉంది. మొన్న ఆఫీసులో ఈవిడను ఎన్ని అనుకున్నానో అన్నీ మర్చిపోయాను.

"అలా నిలబడ్డారేంటండీ! కాళ్ళు కడుక్కోండి, భోంచేసి వెళ్దురుగాని. మీ ఇల్లే అనుకోండి," అన్నాను.

జూలై 30, బుధవారం
చేపలు 93. కప్పలు 47. మంచి వాన.

కుంట క్షేమం. కాళ్ళు తడిసే ఉన్నాయి. నారాయణ గారూ, వాళ్ళవాళ్ళూ వడ్డించిందే తింటున్నారు.

నళినీకుమారి గారు తొమ్మిది రోజులుగా రోజూ పన్నెండింటికి వస్తున్నారు. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని బంగారంతో మాట్లాడతారు. మొదట్లో "ఎలా ఉన్నావు, నీళ్ళు బాగున్నాయా" దగ్గరే ఆగిపోయేవారు. ఇప్పుడు ఆఫీసులో ఎవరెవరు ఏమన్నారో అన్నీ చెబుతున్నారు. తర్వాత భోంచేస్తారు. పప్పుచారు రెండుసార్లు వేయించుకుంటారు. నిన్న ఆవలించాను. "పడుకోండి, నేను చూసుకుంటానండి" అన్నారు.

ఇవాళ వాళ్ళమ్మగార్నీ, ఇద్దరు అక్కల్నీ వెంటబెట్టుకొచ్చారు. మా ఆయన ఎదురెళ్ళి "దానిదేముందండీ" అంటున్నారు. నేను బియ్యం ఇంకో రెండు గ్లాసులు పోశాను.